చీనీ సీతాకోకచిలుక పక్కన కెర్న్ ప్రిమ్‌రోజ్ చిమ్మట: ఈ పోలిక పట్టికలో ఏవి తప్పు?

అనంత_సైన్స్‌క్లబ్, అనంతపురం:

అందరికీ నమస్కారం. హైస్కూల్ పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఒక చార్టు, దాని పక్కన బతికున్న పురుగుల పెట్టె ఒకటి తయారవుతున్నాయి. అంశం: అంతరించే ప్రమాదంలో ఉన్న ఒక చిమ్మట, ఎక్కడపడితే అక్కడ కనిపించే ఒక సీతాకోకచిలుక. చిమ్మటగా కాలిఫోర్నియాలోని కెర్న్ ప్రిమ్‌రోజ్ స్ఫింక్స్ మాత్‌ను ఎంచుకున్నాం. సీతాకోకచిలుకగా మన చీనీ (బత్తాయి), నిమ్మ తోటల్లో ఎగిరే పసుపు నలుపు మచ్చలది, పాపిలియో డెమోలియస్.

పిల్లలు రాసిన పట్టిక ఇప్పటికి ఇలా ఉంది. చిమ్మట: రాత్రి ఎగురుతుంది, రంగు ఉండదు, మీసాలు ఈకల్లా ఉంటాయి, పట్టుగూడు కడుతుంది, ఒకే మొక్క తింటుంది. సీతాకోకచిలుక: పగలు ఎగురుతుంది, రంగురంగులుగా ఉంటుంది, మీసాల కొసన గుండు ఉంటుంది, గూడు కట్టదు, ఏ ఆకైనా తింటుంది. ఆఖరున "ఎన్ని మిగిలాయి" అని ఒక గడి ఖాళీగా వదిలారు.

ఇందులో ఏ వరుసలు కొట్టేయాలి? ఖాళీ గడిలో ఏం రాయాలి? ఆ చిమ్మట ఎలాగూ ఇక్కడ దొరకదు కాబట్టి పెట్టెలో దానికి బదులు ఏది పెట్టవచ్చు?


రెక్కల_లెక్క, కర్నూలు:

సార్, సీతాకోకచిలుక వైపు సంగతి తోటల వాళ్లు చెబుతారు, నేను చిమ్మట వైపు మాత్రం చూస్తాను. పిల్లలు రాసినవి చిమ్మటలన్నిటి గురించీ పుస్తకాల్లో ఉండే మాటలు. మీరు ఎంచుకున్న చిమ్మటకు వాటిలో మూడు అసలు కుదరవు.

మొదటిది రాత్రి. ఇది పగటి చిమ్మట. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా, ఎండ బాగా కాసిన రోజుల్లోనే ఎగురుతుంది. పొద్దున బోడి ఇసుక నేలమీద వాలి ఒళ్లు వెచ్చబెట్టుకుంటుంది. లైటు, తెల్లగుడ్డ కట్టి రాత్రంతా కాచుకున్నా పడదు.

రెండోది ఈకల మీసాలు. అవి టస్సర్ పట్టు చిమ్మట, మూన్ మాత్ కుటుంబానివి, అందులోనూ మగవాటికే ఒత్తుగా ఉంటాయి. కెర్న్ చిమ్మట స్ఫింజిడే కుటుంబం. ఈ కుటుంబంలో మీసం కొసకు పోయేకొద్దీ లావెక్కి, చివర చిన్న కొక్కెంలా వంగుతుంది. దూరం నుంచి చూసినవాళ్లు దాన్నే గుండు అనుకుని సీతాకోకచిలుక కింద రాసేస్తారు. పగలు ఎగిరే స్ఫింజిడే దగ్గర మీసాల పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇలాగే బోల్తా పడతాం.

దానికంటే గట్టి పరీక్ష రెక్కల కొలికి. స్ఫింజిడేలో వెనక రెక్క మొదట్లో, ముందంచు దగ్గర, ఫ్రెన్యులమ్ అనే గట్టి వెంట్రుక ఉంటుంది. అది ముందు రెక్క అడుగున ఉన్న కొక్కెంలో ఇరుక్కుని రెండు రెక్కల్నీ కలిపి ఆడిస్తుంది. మగదానికి అది ఒకే ముల్లులా ఉంటుంది, ఆడదానికి కొన్ని సన్నటి వెంట్రుకల గుత్తిలా ఉంటుంది. చీనీ సీతాకోకచిలుకకు ఇది లేదు. దాని వెనక రెక్క భుజం వెడల్పుగా ఉండి ముందు రెక్క కిందికి దూరి ఆనుకుంటుంది, అంతే.

పిల్లలకు చూపించాలంటే వీధి దీపం కింద చచ్చిపడిన స్ఫింక్స్ చిమ్మట ఒకటి చాలు. ఎండిపోయినదాన్ని నేరుగా విప్పబోతే ఫ్రెన్యులమ్ విరుగుతుంది, తర్వాత "లేదు" అని రాసుకుంటారు. మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి దూది, దానిమీద రెండు చుక్కల డెట్టాల్, పైన జాలీముక్క వేసి పురుగును జాలీమీద ఒక పగలు ఒక రాత్రి ఉంచండి. నీళ్లు పురుగుకు తగలకూడదు, రెక్కల పొడి ముద్దయిపోతుంది. కీళ్లు మెత్తబడ్డాక వెల్లకిలా తిప్పి, 10 రెట్ల లెన్సుతో వెనక రెక్క మొదలు చూడండి.

మూడోది పట్టుగూడు. స్ఫింజిడే గొంగళి నేలలోకి దిగి మట్టిలోనే గది చేసుకుని ప్యూపా (గొంగళి రెక్కల పురుగుగా మారే మధ్య దశ) అవుతుంది, మనకు తెలిసిన పట్టుకాయ లాంటిది కట్టదు. తమాషా ఏమిటంటే పట్టు దారం వాడేది మీ పట్టికలో "గూడు కట్టదు" అని రాసిన చీనీ సీతాకోకచిలుకే. పుల్లమీద చిన్న పట్టు గుండీ వేసి తోక దానికి తగిలించుకుని, నడుము చుట్టూ ఒక పోగు బిగించుకుని ఏటవాలుగా వేలాడుతుంది.

రంగు సంగతి అటూ ఇటూ. ముందు రెక్కలు బూడిద రంగు, వెనక రెక్కలు తెలుపు మీద నల్ల అంచు. "రంగు ఉండదు" అనడం కంటే ఇలా రాస్తే నయం.


తోటబడి, తాడిపత్రి:

"ఏ ఆకైనా తింటుంది" అనేది ముందు కొట్టేయండి సార్. చానామంది ఇక్కడే తప్పు చేస్తాండారు. ఈ పురుగుకు నోటి సోకు ఎక్కువ. చీనీ, నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు, వెలగ తింటుంది. అవన్నీ ఒకే కుటుంబం, రూటేసి. ఆ కుటుంబం బయట చెప్పుకోదగ్గది బావంచాల మొక్క. జొన్న చేలో వదిలిపెట్టినారంటే ఆకలికి చస్తుంది.

మరి ఇన్ని ఎందుకున్నాయంటే, దాని కూడు మనమే ఎకరాల లెక్కన నాటినాం కాబట్టి. తోటల్లో చీనీ, పెరట్లో కరివేపాకు, గుడికాడ మారేడు. నర్సరీలో అయితే రంగపూర్ నిమ్మ, జంబేరి మొలకలు వేలకు వేలు ఒక్కచోటే, అన్నీ లేత చిగురే. తల్లి పురుగుకు వెతుక్కునే పనే లేదు. పెద్ద చెట్టుకు నాలుగు ఆకులు పోయినా లెక్కలేదు, జానెడు మొలకకు రెండు పెద్ద పురుగులు పడితే రెండు దినాల్లో పుల్ల మిగులుతుంది.

చార్టులో దశల బొమ్మలు వేసేటప్పుడు ఇవి చూసుకోండి. గుడ్డు లేత పసుపు, గుండ్రం, ఆవగింజంత. చిగురాకు మీద ఒక్కొక్కటే పెడుతుంది, కుప్పలు పెట్టదు. కుప్పగా కనబడితే అది వేరే పురుగుది. చిన్నప్పుడు గొంగళి అచ్చం పిట్ట రెట్టలాగుంటుంది, గోధుమ రంగు మీద తెల్ల మచ్చ. ఆఖరు దశకు వచ్చేసరికి పచ్చగా తిరిగి, మెడకాడ కళ్లలాంటి గుర్తులు, పక్కల గోధుమ పట్టీలు వస్తాయి. పుల్లతో తట్టినారంటే తల వెనక నుంచి మెత్తటి కొమ్ములు రెండు బయటికి తోసి ఘాటు వాసన వదుల్తుంది. పిల్లలకు అది ఒక్కసారి చూపిస్తే చాలు, పదిసార్లు కెలికితే తిండి మానేస్తుంది.

గుడ్డు 3 నుంచి 5 దినాలు, పురుగు రెండు మూడు వారాలు, ప్యూపా ఎనిమిది పది దినాలు. మొత్తం నెల అనుకోండి. చలికాలం ఇంకొంచెం సాగుతుంది. ఏడాదిలో ఎన్ని తరాలో మీరే లెక్క కట్టుకోండి. జూన్ జులైలోనూ, జనవరి ఫిబ్రవరిలోనూ తోట చిగురేసినప్పుడు ఎక్కువ దొరుకుతాయి.

ఇంకొకటి. ఇది మన వైపు పురుగే గానీ 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో తేలింది. కొన్నేళ్లలోనే జమైకా, ప్యూర్టో రికో, క్యూబా. సముద్రం దాటి పోయినా అక్కడా నిమ్మజాతి తోటలు కాచుకోనుండాయి కదా, ఇంకేం కావాల. చార్టులో ఒక ప్రపంచపటం వేసి ఈ చుక్కలు పెట్టండి, బాగుంటుంది.


కంపచెట్టు, కడప:

తోటబడి అన్న మాట పట్టుకునే ముందుకు పోదాం. పట్టికలో "ఒకే మొక్క తింటుంది కాబట్టి ప్రమాదం, అన్నీ తింటుంది కాబట్టి క్షేమం" అన్న తర్కం కనిపిస్తోంది. అది నిలబడదు. రుజువు మీ చీనీ తోటలోనే ఉంది. పండు రసం పీల్చే రెక్కల పురుగు, యుడోసిమా. అదీ చిమ్మటే. దాని గొంగళి తినేది తిప్పతీగ, దూసరతీగ కుటుంబం ఆకులే. అందుకే కదా గట్లమీద ఆ తీగలు పీకేయమని రైతులకు చెప్పేది. తిండి అంత ఇరుకైనా దానికి కొదవ లేదు, రాత్రిపూట తోట బయటి నుంచి వచ్చి మాగిన కాయకు బెజ్జం పెట్టి పోతుంది, కాయ కుళ్లి రాలుతుంది. కారణం, తిప్పతీగ లేని కంచె మన జిల్లాల్లో లేదు.

కాబట్టి పురుగు ఎన్ని మొక్కలు తింటుందన్న వరుస పక్కనే, ఆ మొక్క ఎక్కడెక్కడ ఉంది, దాన్ని ఎవరు పెంచుతున్నారు అన్న వరుస రావాలి. కెర్న్ చిమ్మట గొంగళి తినేది కామిసోనియా అనే చిన్న ఏడాది మొక్క, ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ జాతిది. వాగుల పక్క ఇసుక నేలల్లో, అక్కడి చలికాలపు వానలకు మొలిచి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. దాన్ని ఎవరూ నాటరు, ఎవరికీ అక్కర్లేదు. ఆ నేల దున్నినా, గొర్రెలు తొక్కినా, బళ్లు తిరిగినా గొంగళి తిండీ పోతుంది, మట్టిలో ఉన్న ప్యూపా కూడా పోతుంది.

ఇంకో వరుస: తరాలు. చీనీ సీతాకోకచిలుకకు నెలకొక తరం. కెర్న్ చిమ్మటకు ఏడాదికి ఒక్కటే. ఆ కొన్ని వారాల్లో వానో చలిగాలో పట్టిందంటే మళ్లీ గుడ్లు పెట్టే అవకాశం వచ్చే ఏడాదే.

చార్టుకు అసలైన బొమ్మ మాత్రం ఇది. ఎరోడియం అనే కలుపు మధ్యధరా ప్రాంతం నుంచి కాలిఫోర్నియాకు చేరి విపరీతంగా అల్లుకుంది, మన దగ్గర వయ్యారిభామ అల్లుకున్నట్టు. తల్లి చిమ్మట పొరపాటున దానిమీద గుడ్లు పెట్టడం చూసినట్టు పరిశోధకులు రాశారు. గుడ్డు పొదుగుతుంది, పిల్ల బయటికి వస్తుంది, ఆ ఆకుతో బతకలేదు. అంటే మొక్క పోవడం ఒక నష్టం, దాని చోట వచ్చిన మొక్క గుడ్లను మింగడం రెండో నష్టం. రెండు మొక్కలూ పక్కపక్కన గీసి, గుడ్డు నుంచి రెండు బాణాలు వేయండి. ఒకటి గొంగళి దాకా పోవాలి, ఇంకొకటి ఆకుమీదే ఆగిపోవాలి.

చార్టులో చిమ్మట హోదా కింద "అంతరించే ప్రమాదం" అని మాత్రమే రాస్తే జడ్జీలు ఎవరి లెక్క ప్రకారం అని అడుగుతారు. అమెరికా 1973 చట్టంలో రెండు మెట్లున్నాయి: ఎండేంజర్డ్, దాని కింద థ్రెటెన్డ్. ఈ చిమ్మటను 1980లో థ్రెటెన్డ్ కింద చేర్చారు. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఎర్ర జాబితాలో థ్రెటెన్డ్ అనేది మూడు మెట్లకు కలిపి వాడే మాట. రెండింటినీ కలపకండి. "అమెరికా చట్టం, 1980, థ్రెటెన్డ్" అని విడిగా రాయండి.

ఇక ఖాళీ గడి. అందులో అంకె వేయొద్దు. ఈ చిమ్మట ప్యూపా వానలు సరిగా లేని ఏడాది పైకి రాకుండా మట్టిలోనే ఒకటికి మించి ఏళ్లు పడుకోగలదు. ఈ ఏడాది ఎగిరినవి సున్నా అంటే లేవని కాదు. అంతరించిందని అనుకున్న తర్వాతే 1974లో కెర్న్ కౌంటీ వాకర్ బేసిన్‌లో మళ్లీ దొరికింది, ఆ తర్వాత కారిజో మైదానంలోనూ కనిపించింది. మన వాళ్లకు ఇది కొత్త కథ కాదు. కలివికోడి అనే పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూశాక ఇక లేదనుకున్నారు, 1986లో మా జిల్లా రెడ్డిపల్లి దగ్గర కంపల్లో దొరికింది. చార్టు మూలలో కలివికోడి బొమ్మ ఒకటి పెడితే చూసేవాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

గడి పేరు "ఎలా లెక్కపెడతారు" అని మార్చండి. చీనీ సీతాకోకచిలుకకు ఒక నర్సరీలో పది మొలకలకు గుర్తు రిబ్బన్లు కట్టి, మొలకకు నాలుగు చిగుళ్లు చొప్పున, వారానికోసారి పొద్దున అదే వేళకు గుడ్లు, రెట్ట దశ, పచ్చ దశ మూడూ వేర్వేరుగా రాయాలి. కలిపి రాస్తే పనికిరాదు, గుడ్లు నలభై ఉండి పచ్చవి రెండే ఉన్నాయంటే మధ్యలో పరాన్న కందిరీగలో సాలీళ్లో పని చేస్తున్నట్టు, అది తెలియాలి. కెర్న్ చిమ్మటకు ఎండ, తక్కువ గాలి ఉన్న రోజుల్లో, ఎగిరే ఆ కొద్ది వారాల్లో, ఇసుక నేలమీద నడుస్తూ పెద్ద పురుగుల్ని చూడటమే. ఒకటి ఆకుల మీద పిల్లల లెక్క, ఒకటి నేలమీద పెద్దవాటి లెక్క. రెండు అంకెల్ని ఒకదాని కింద ఒకటి రాసి తీసివేత చేయడానికి లేదు.


అనంత_సైన్స్‌క్లబ్, అనంతపురం:

చాలా థాంక్స్. పట్టిక మొత్తం తిరగరాయిస్తున్నాం. పెట్టె సంగతి ఎవరూ చెప్పలేదు. ఎగ్జిబిషన్‌కు ఇంకా ఆరు వారాలుంది. మట్టిలో ప్యూపా అయ్యే స్ఫింజిడే ఏదైనా ఇక్కడ పిల్లలకు దొరుకుతుందా? గన్నేరు మీది పురుగు తేవచ్చా?


నువ్వుచేను, ఆదోని:

గన్నేరు పురుగు స్ఫింజిడేనే, దొరకడమూ తేలికే. కానీ ఆకు, పాలు రెండూ విషం. రోజూ పిల్లలు ఆకు కోసి మార్చాలి కాబట్టి వద్దంటాను. దానికంటే నువ్వు చేలో దొరికే అఖెరాన్షియా స్టిక్స్ అనే స్ఫింజిడే చిమ్మట పురుగు మేలు. నువ్వులు లేకపోతే వంగ మొక్కల మీద చూడండి. వేలంత లావు, పచ్చగానో పసుపుగానో ఉంటుంది, పక్కల ఏటవాలు చారలు, తోకమీద గరుకుగా వంగిన కొమ్ము. కొమ్ము కుట్టదు, పిల్లలకు ముందే చెప్పండి. పురుగు కోసం ఆకులు వెతకొద్దు, నేల చూడండి. మొక్క కింద మిరియాలంత నల్లటి రెట్టలు పడుంటే సరిగ్గా దాని పైకొమ్మలోనే ఉంటుంది.

అయిదారు సెంటీమీటర్లున్న పురుగులు మూడు తెస్తే చాలు. వీపుమీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు అంటుకుని ఉన్నదాన్ని తేవొద్దు, లోపల కందిరీగ పిల్లలు తినేశాయి, ఇక ప్యూపా కాదు. అది వేరే డబ్బాలో పెట్టి "పరాన్నజీవి" అని చీటీ వేస్తే మంచి ప్రదర్శనే, మిగతావాటితో మాత్రం కలపకండి.

డబ్బా అడుగున కాగితం, రోజూ తాజా కొమ్మ. కొమ్మను నీళ్ల సీసాలో పెడితే సీసా మూతిని దూదితో మూసేయాలి, లేకపోతే పురుగు కాడ వెంబడి దిగి నీళ్లలో మునుగుతుంది. ఎక్కువ పురుగులు చచ్చేది ఇలాగే. పాత కాగితం, రెట్టలు పొద్దునా సాయంత్రం తీసేయండి. మూత లోపల నీటి చుక్కలు పడుతున్నాయంటే గాలి చాలడం లేదు, మూత తీసి దోమతెర గుడ్డ కట్టండి.

తిండి మానేసి, రంగు మసకబారి, డబ్బా అంచు వెంట తెగ తిరుగుతుంటే దిగే వేళయిందన్నమాట. అప్పటికి ఒక బకెట్ సిద్ధంగా ఉండాలి. జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, 15 సెంటీమీటర్ల లోతు. పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నల్లరేగడి పోయకండి, ఆరితే పగిలి గది కూలుతుంది. పురుగును పైన వదిలితే అదే తవ్వుకుని పోతుంది. తర్వాత ఎనిమిది పది రోజులు బకెట్ కదల్చకూడదు. లోపల చర్మం వదిలి కొత్త పెంకు గట్టిపడే సమయమది, అప్పుడు తవ్వి చూస్తే ప్యూపా సొట్ట పడుతుంది. ఆ తర్వాత ఒకదాన్ని మెల్లగా తీసి, గాజు పెట్టెలో, సగం కోసిన మట్టి గది కనబడేలా పెట్టుకోవచ్చు. మీ చార్టులో "నేలలో ప్యూపా" వరుసకు అదే నమూనా.

రెండు మూడు వారాల్లో రాత్రిపూట చిమ్మట బయటికి వస్తుంది. పైకి పాకడానికి గోనెపట్ట ముక్కో గరుకు పుల్లో 25, 30 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టండి. ఎక్కడానికి ఏమీ లేకపోయినా, మట్టి ఎండి పెంకు బిగిసిపోయినా రెక్కలు ముడతలుగానే ఆరిపోతాయి, మళ్లీ సాగవు. వీపుమీద పుర్రె లాంటి గుర్తు ఉంటుంది, ముట్టుకుంటే కీచుమంటుంది. అపశకునమని ఎవరో ఒకరు అనకమానరు, ఆ కీచు నోట్లోంచి గాలి తోసినప్పుడు వచ్చే చప్పుడని పిల్లలే జవాబు చెబుతారు.


తోటబడి, తాడిపత్రి:

చీనీ పురుగులు మూడు దఫాలుగా తెచ్చుకోండి సార్. నాలుగు వారాల ముందు గుడ్లు కొన్ని, రెండు వారాల ముందు ఇంకొన్ని, ఆఖరి వారం ఇంకొన్ని. అప్పుడు ఆ దినానికి అన్ని దశలూ పెట్టెలో ఉంటాయి. బజారు కరివేపాకు వేయొద్దు, మందు అవశేషం ఉంటే పచ్చనీళ్లు కక్కి ఒక్క పూటలో పోతాయి. పెరటి చెట్టు ఆకే కోసుకోండి. ప్యూపా అయ్యే ముందు పల్చగా విరేచనం అవుతుంది, జబ్బనుకుని పారేయకండి. ప్యూపా గోధుమ రంగుకు తిరిగి సన్న బెజ్జం పడిందంటే అది కందిరీగ పాలైనట్టే.


కంపచెట్టు, కడప:

ఒక్క జాగ్రత్త. కరివేపాకు మీద దొరికే రెట్టలాంటి పిల్లలన్నీ డెమోలియస్ కావు. పాపిలియో పాలిటిస్ అనే ఇంకో సీతాకోకచిలుక కూడా అక్కడే గుడ్లు పెడుతుంది, చిన్న దశలో రెండూ ఒకేలా ఉంటాయి. చీటీమీద "కరివేపాకు మీది పురుగు" అనే రాసి, పెద్దది బయటికి వచ్చాక పేరు పెట్టండి. వెనక రెక్కకు తోక ఉంటే పాలిటిస్, తోక లేకుండా పసుపు నలుపు మచ్చలు, వెనక రెక్క లోపలి మూల ఎర్రచుక్క ఉంటే డెమోలియస్.

పాలిటిస్ ఆడవాటిలో ఒక రకం అచ్చం క్రిమ్సన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుక లాగే ఉంటుంది. క్రిమ్సన్ రోజ్‌కు ఒళ్లు ఎరుపు, పాలిటిస్‌కు నలుపు. ఈశ్వరి తీగ చుట్టూ ఎగిరే ఆ ఎర్ర ఒంటిదాన్ని మాత్రం పట్టించకండి. మన వైపు మామూలుగా కనిపించేదే అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చేర్చిన జాతి అది. ఫొటో తీసి చార్టుకు అంటించుకోండి చాలు.